సోమవరప్పాడు అబ్బాయి – శ్రీ ఎల్.వి. ప్రసాద్ గారు

మన ప్రాంతంలో పుట్టి పేరు తెచ్చుకున్న ఒక పెద్దమనిషి గురించి ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఎవరిని గురించి రాయాలా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరకు ఒక పాత జర్మన్ సినిమా చూసినప్పుడు నాకు దారి దొరికింది. జర్మన్ సినిమాకూ ఏలూరుకూ సంబంధం ఏమిటని అనుకోవద్దు. నిదానంగా చెబుతాను.

మా మనుమడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న సెలవులకు నేను అక్కడకు వెళ్ళినప్పుడు వాడు తన కంప్యూటరులో ఆ సినిమా వేసి చూపించాడు. పేరు మెట్రోపోలిస్. తీసినవారు ఫ్రిట్జ్ లాంగ్. 1927 జనవరి 10వ తేదీన బెర్లిన్‌లో విడుదలయింది. మాటలు లేని చిత్రం, మన పెద్దలు మూకీ అనేవారే, అది. రాబోయే కాలంలో ఒక మహానగరం ఉంటుంది. పైన మేడల్లో యజమానులు, భూమి కింద యంత్రాల దగ్గర కార్మికులు. ఒక శాస్త్రజ్ఞుడు ఇనుముతో మనిషిని చేసి, దానికి కార్మికులు నమ్మిన ఒక మంచి అమ్మాయి ముఖం పెడతాడు. దాని మాట విని జనం యంత్రాలను పగలగొడతారు. భూమి కింద ఇళ్ళలోకి నీళ్ళు ముంచుకొస్తాయి. పిల్లలు మెట్లెక్కి పైకి పరుగెత్తుతారు. ఆ దృశ్యం చూస్తుంటే కొల్లేటి లంకల్లో వరద వచ్చినప్పుడు గట్టు మీదికి చేరిన పిల్లలే నాకు కనిపించారు.

సినిమా మధ్యలో కొన్నిచోట్ల బొమ్మ చిన్నదయి, వాన కురుస్తున్నట్టు గీతలు పడ్డాయి. అదేమిటని అడిగితే వాడు ఆ కథ చెప్పాడు. ఆ చిత్రానికి ఆ రోజుల్లోనే 50 లక్షల మార్కులకు పైగా ఖర్చయిందట. తీసిన ఉఫా కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. రెండున్నర గంటల సినిమా పెద్దదయిందని చాలా భాగం కోసేశారు. కోసిన ముక్కలు పోయాయి. 80 ఏళ్ళ తర్వాత, 2008లో, దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఎయిరెస్ నగరంలో ఒక సినిమా మ్యూజియంలో దాదాపు పూర్తి ప్రతి బయటపడింది. బాగా అరిగిపోయిన ప్రతి అది. ఆ గీతలు అందులోవే. దానితో కలిపి బాగుచేసిన సినిమాను 2010 ఫిబ్రవరిలో మళ్ళీ బెర్లిన్‌లో చూపించారు. ఇప్పటికీ రెండు మూడు చోట్ల బొమ్మ లేక అక్షరాలతో సరిపెట్టారు.

అప్పుడు నాకు మన సోమవరప్పాడు అబ్బాయి గుర్తుకు వచ్చాడు. ఆ జర్మన్ సినిమా విడుదలైన ఏడాది ఆ అబ్బాయికి 19 ఏళ్ళు. ఆయన మొదట నటించిన సినిమాలు ఒక్కటీ మిగలలేదు. అయితే పాత సినిమాలను బాగుచేసే పని నేడు పెద్ద ఎత్తున జరుగుతున్న చోట్లలో ఒకటి ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఆయనే శ్రీ ఎల్.వి. ప్రసాద్ గారు.

సోమవరప్పాడు ఏలూరు పక్కనే, దెందులూరు మండలంలో ఉన్నది. ఆ ఊళ్ళో అక్కినేని శ్రీరాములు, బసవమ్మ దంపతులకు 1908 జనవరి 17న ఆయన పుట్టారు. పూర్తి పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. మన శాఖవారికి నచ్చే విషయం ఒకటి చెబుతాను. ఆయన పుట్టినప్పుడు ఏలూరు తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడింది. ఊరు కదలలేదు గాని జిల్లాలు మూడు మారాయి.

గారాబంగా పెరిగిన పిల్లవాడు. తెలివైనవాడే గాని చదువు మీద మనసు నిలవలేదు. డప్పు చప్పుడు వినబడితే చాలు, నాటకాల వాళ్ళు వచ్చారని పరుగెత్తేవాడు. ఊళ్ళో నాటకాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. గుడారాల్లో ఆడే మూకీ బొమ్మలంటే ప్రాణం. ఆ గుడారాల దగ్గర తెగిపోయిన ఫిలిం ముక్కలు పారవేసేవారు. వాటిని ఏరుకోని పిల్లవాడు మన తరంలోనూ లేడు. చీకటి గది, తలుపు సందులో నుంచి అద్దంతో మళ్ళించిన ఎండ, నీళ్ళు నింపిన బల్బు, గోడకు కట్టిన తెల్లపంచె. ఇవి ఉంటే మనకు సినిమా హాలు ఉన్నట్టే. మనం ఆ ఆట పదేళ్ళకో పన్నెండేళ్ళకో మానేశాం. ఆయన మానలేదు.

1924లో మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మ గారితో పెళ్ళయింది. ఒక ఆడపిల్ల పుట్టింది. అంతలో తండ్రిగారికి అప్పులు పెరిగి దివాలా తీయవలసి వచ్చింది. పల్లెటూళ్ళో దివాలా అంటే ఏమిటో వసూళ్ళకు తిరిగిన మనకు తెలియనిది కాదు. పొలం పోవడం ఒక ఎత్తు, రచ్చబండ దగ్గర తల ఎత్తలేకపోవడం ఒక ఎత్తు. ఒకరోజు ఆ యువకుడు ఎవరికీ చెప్పకుండా, జేబులో నూరు రూపాయలతో బొంబాయి రైలెక్కాడు. ఇది 1930 ప్రాంతపు మాట.

హిందీ రాదు, ఇంగ్లీషు అంతంత మాత్రం. దాదర్‌లో స్టూడియోల చుట్టూ తిరిగాడు. చివరకు వీనస్ ఫిలిం కంపెనీలో చెప్పిన పనల్లా చేసే కుర్రవాడుగా కుదిరాడు. మన భాషలో చెప్పాలంటే కంటింజెన్సీ నౌకరు. తర్వాత ఇండియా పిక్చర్స్ కంపెనీవారు తీసిన స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే మూకీలో చిన్న వేషం దొరికింది.

ఆ తర్వాత జరిగింది చూడండి. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో ఆలం ఆరా విడుదలయింది. భారతదేశంలో మొట్టమొదటి టాకీ. అందులో ప్రసాద్ గారు ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన కాళిదాస్ వచ్చింది. దక్షిణాది భాషల్లో అది మొదటి టాకీ. అందులోనూ ఉన్నారు. 1932 ఫిబ్రవరిలో తొలి పూర్తి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. అందులో చండామార్కుల బడిలో మొద్దబ్బాయి వేషం ఆయనదే. హిందీ, తమిళం, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ కనిపించిన మనిషి ఆయన. వేషాలు చిన్నవే. అయితే దేశంలో సినిమాకు మాట వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ ఆవరణలోనే ఉన్నారు.

ఆ సినిమాలు ఇప్పుడు చూడాలంటే దొరకవు. ఆలం ఆరా ప్రతి ఒక్కటీ లేదు. కాళిదాస్ లేదు. భక్త ప్రహ్లాద లేదు. ఆ మూకీ చిత్రం కూడా పోయింది. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీస్తే మిగిలినవి పదుల్లోనే. ఆనాటి ఫిలిం నిప్పు రవ్వ తగిలితే భగ్గుమనేది. కాలిపోయినవి కొన్ని, తేమకు జిగురుగా మారినవి కొన్ని. ఫిలింలో ఉండే వెండి కోసం కరిగించినవి చాలా. పుణేలో జాతీయ ఫిలిం భాండాగారం పెట్టింది 1964లో. అప్పటికే అంతా అయిపోయింది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను ఒక తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరిన కొత్తల్లో టూరింగ్ టాకీసు లైసెన్సుల కాగితాలు నా సీటులో ఉండేవి. ఇసుక బాల్చీలు ఎన్ని, నీళ్ళ పీపాలు ఎన్ని, గుడారానికి దారులు ఎన్ని అని తనిఖీ రిపోర్టు చూసి ఫైలు పైకి పంపడం నా పని. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర రోజులకు ప్రత్యేకంగా దరఖాస్తులు వచ్చేవి. డబ్బాలు, ప్రొజెక్టరు పడవ మీద తీసుకుపోయేవారు. కొన్నేళ్ళకు రికార్డు గది ఖాళీ చేయమన్నారు. ఆర్.డిస్. కాగితాలు శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. త్వరగా పోవలసినవి. మీకు తెలిసిందే. ఆ పాత గుడారాల ఫైళ్ళన్నీ గడువు దాటినవే. కచేరీ వెనుక గుంట తీసి నేనే దగ్గరుండి తగలబెట్టించాను. రిజిస్టరులో సంతకం కూడా నాదే. నిబంధన ప్రకారం తప్పులేదు. కాని ఏ ఏడాది, ఏ ఊళ్ళో, ఏ గుడారం నిలిచిందో చెప్పే కాగితం ఆ గుంటలో పోయింది. ఆ రోజు నాకు తట్టలేదు. మెట్రోపోలిస్ చూసి వచ్చిన రాత్రి తట్టింది.

మళ్ళీ ప్రసాద్ గారి దగ్గరకు వస్తాను. అలీ షా అనే దర్శకుడి దగ్గర సహాయకుడుగా చేరినప్పుడు ఇంత పొడుగు పేరు పలకడం కష్టమని కుదించారు. అలా లక్ష్మీవరప్రసాదరావు ఎల్.వి. ప్రసాద్ అయ్యారు. భార్యాబిడ్డలను బొంబాయి తీసుకువెళ్ళారు. పదేళ్ళకు పైగా సహాయకుడుగానే గడిచింది. పృథ్వీరాజ్ కపూర్ గారి పృథ్వీ థియేటర్స్‌లో కొంతకాలం పనిచేశారు. మన లెక్కలో ప్రమోషన్ లేని సర్వీసు అది. అయినా కెమెరా దగ్గరి పని, కూర్పు పని, నటులకు నేర్పే పని, అన్నీ అప్పుడే చేతికి వచ్చాయి.

1943లో గృహప్రవేశం అనే తెలుగు చిత్రానికి సహాయ దర్శకుడుగా పిలుపు వచ్చింది. పరిస్థితులు మారి ఆయనే దర్శకుడయ్యారు, కథానాయకుడూ అయ్యారు. త్రిపురనేని గోపీచంద్ గారి కథ, భానుమతి గారు నాయిక. 1946లో విడుదలయింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్ళు. ఆ ఏడాదే గూడవల్లి రామబ్రహ్మం గారు కాలధర్మం చెందగా, సగంలో ఆగిన పల్నాటి యుద్ధం చిత్రాన్ని ప్రసాద్ గారు పూర్తిచేశారు. అది 1947లో వచ్చింది.

1949లో మనదేశం. ఆ చిత్రంలో ఒక పోలీసు అధికారి వేషానికి కొత్త కుర్రవాడిని తీసుకున్నారు. ఆ కుర్రవాడు సబ్ రిజిస్ట్రారు కొలువులో చేరి, కొద్ది వారాలకే వదిలేసి మద్రాసు వచ్చాడు. ఆయనే నందమూరి తారక రామారావు గారు. రిజిస్ట్రేషను శాఖ ఒక ఉద్యోగిని పోగొట్టుకున్నది, రాష్ట్రానికి ఒక ముఖ్యమంత్రి దొరికాడు.

తర్వాత వరుసగా ఎన్ని మంచి చిత్రాలు! 1950లో సంసారం, షావుకారు. 1952లో పెళ్ళిచేసి చూడు. 1954లో తమిళంలో మనోహర. 1955లో మిస్సమ్మ. 1959లో అప్పుచేసి పప్పుకూడు. వీటిలో దేవతలు లేరు, రాక్షసులు లేరు. వడ్డీ వ్యాపారి ఇల్లు, కట్నం కోసం ఆగిపోయిన పెళ్ళి, అప్పుల మీద నిలబడిన డాబు. మిస్సమ్మలో ఉద్యోగం కోసం పెళ్ళి కాని ఇద్దరు భార్యాభర్తలమని అబద్ధమాడి బడిలో టీచర్లుగా చేరతారు. నిరుద్యోగం ఎంత పని చేయిస్తుందో అంత నవ్విస్తూ చెప్పిన సినిమా నేను మరొకటి చూడలేదు. ఇంటి దివాలా చూసి బయలుదేరిన మనిషి అప్పుల మీద, డబ్బు మీద ఇన్ని కథలు తీశారే అని నాకు అనిపిస్తుంది. కారణం అదేనని నేను అనను. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే ఇంట్లోవాళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో ఆయనకు ఒకరు చెప్పవలసిన అవసరం మాత్రం లేదు.

ఆ జర్మన్ చిత్రం కంపెనీని ముంచింది. ప్రసాద్ గారు ఉన్నదానిలో తీసి, వచ్చినదానితో మరొకటి కట్టుకుంటూ వెళ్ళారు. సొంత సంస్థ పెట్టి హిందీలో 1957లో శారద తీశారు. రాజ్ కపూర్, మీనాకుమారి నటించారు. ఒకప్పుడు తాను వేషం కోసం తిరిగిన బొంబాయికి ఇప్పుడు నిర్మాతగా వెళ్ళారు. 1959లో ఛోటీ బహెన్, అందులో చెల్లెలు చూపు పోగొట్టుకుంటుంది. 1967లో మన మూగమనసులు చిత్రాన్ని ఆదుర్తి సుబ్బారావు గారి చేతనే మిలన్ పేరుతో తీయించారు. 1970లో ఖిలోనా, 1981లో ఏక్ దూజే కేలియే. మద్రాసులో ప్రసాద్ స్టూడియో పెట్టారు. 1970ల నడుమ ఫిలిం లేబరేటరీ పెట్టారు. దాని పనులు కుమారుడు రమేష్ ప్రసాద్ గారు చూసుకున్నారు. తెగిన ముక్కలు ఏరుకున్న పిల్లవాడికి లక్షల అడుగుల ఫిలిం కడిగే లేబు సొంతమయింది.

1980లో రఘుపతి వెంకయ్య అవార్డు, 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చాయి. 1981లో కమల్ హాసన్ గారు అంధుడైన వయొలిన్ విద్వాంసుడుగా నటించిన తమిళ చిత్రం రాజ పార్వైలో ప్రసాద్ గారు తాతయ్య వేషం వేశారు. మనకది అమావాస్య చంద్రుడుగా వచ్చింది. అప్పటికి ఆయనకు 73 ఏళ్ళు.

ఆ తర్వాతి పని అన్నిటికన్నా పెద్దది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికా నుంచి తిరిగివచ్చి హైదరాబాదులో కంటి ఆసుపత్రి కట్టాలని సంకల్పించినప్పుడు, ప్రసాద్ గారి కుటుంబం బంజారా హిల్స్‌లో 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. 1987లో ఆ ఆసుపత్రి మొదలయింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి అంటే ఇప్పుడు తెలియని ఊరు లేదు. మన సంఘంలోనే అక్కడ శుక్లాలు తీయించుకున్నవారు ఎందరో ఉన్నారు. సినిమా చూడాలంటే ముందు కళ్ళుండాలి గదా. జీవితమంతా జనం కళ్ళ ముందు బొమ్మలు పెట్టిన మనిషి చివరకు ఆ కళ్ళనే చూసుకున్నారు.

1994 జూన్ 22న మద్రాసులో ఆయన పరమపదించారు. 2006లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ఆయన పోయిన తర్వాత లేబు పని మారింది. ఫిలిం వాడకం తగ్గి కంప్యూటర్లు వచ్చాయి. ప్రసాద్ సంస్థవారు పాత సినిమాలను ఒక్కొక్క బొమ్మ చొప్పున శుభ్రం చేసి, గీతలు తీసి, రంగు సరిచేసే పనిలోకి దిగారు. చెన్నైలో వందల మంది కూర్చుని దేశదేశాల పాత చిత్రాలను బాగుచేశారు. 2010 దాటిన తర్వాత, పాత ఫిలిం చెడకుండా చదివి కంప్యూటరులోకి ఎక్కించే యంత్రాలు తయారుచేసే ఒక జర్మన్ కంపెనీని కూడా ప్రసాద్ సంస్థ తీసుకున్నది. దాని పేరు డి.ఎఫ్.టి. నేను మొదట చెప్పిన జర్మనీ సంబంధం ఇదే. మెట్రోపోలిస్ బాగుచేసినవారు వేరు. అలాంటి పనే మన సోమవరప్పాడు వారి ఇంటి పని అయింది.

కాని ఏ యంత్రమైనా ఉన్న ఫిలింనే బాగుచేయగలదు. బొత్తిగా లేని ఆలం ఆరాను ఏ యంత్రమూ తేలేదు. భక్త ప్రహ్లాదలో మొద్దబ్బాయి ఎలా నవ్వాడో చూపగలిగిన లేబు లేదు. ఎక్కడో బ్యూనస్ ఎయిరెస్‌లో ఎవరో పారవేయకుండా ఉంచారు గనుక ఆ జర్మన్ చిత్రం బతికింది. మన మూకీలను అలా ఉంచినవారు లేరు. అవి ఎల్.డిస్. కింద పోయాయి.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మర్నాడు నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. నేను తగలబెట్టించిన ఆ ఫైళ్ళలో గుర్తున్న గుడారాల ఊళ్ళ పేర్లు రాస్తున్నాను. కొల్లేటికోట, కైకలూరు, ఆకివీడు, దెందులూరు, ఉంగుటూరు. ఇలా ఇప్పటికి 14 ఊళ్ళు వచ్చాయి. సంవత్సరాలు మాత్రం సగానికే గుర్తున్నాయి.

మిత్రులకు నా మనవి ఒకటే. మీ ఊళ్ళో గుడారం సినిమా ఏ ఏడాది ఉన్నది, ఎక్కడ వేశారు, మీరు మొదట చూసిన బొమ్మ ఏది, గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి తీసుకురండి. పాత కరపత్రం గాని, టిక్కెట్టు ముక్క గాని, ఫొటో గాని పెట్టెలో అడుగున ఉంటే పారవేయవద్దు. వచ్చే నెల పింఛనుదారుల సమావేశానికి నా నోటుపుస్తకం పట్టుకువస్తాను. ఆర్.డిస్. అని అట్ట మీద ముందే రాసి ఉంచాను.

సెలవు.